ఆకుమందు అన్న ఒక్క మాట

మా మెడికల్ రిప్రజెంటేటివ్‌ల సంఘం వాళ్లు ఒక పత్రిక తెస్తున్నారు. ఉద్యోగంలో గుర్తుండిపోయిన సంగతి ఏదైనా రాసివ్వమని రిటైరైన వాళ్లందరినీ అడిగారు. నా తర్వాత చేరి నాకంటే ముందే మానేసి, ఇప్పుడు గుడివాడలో టైర్ల షాపు నడుపుకుంటున్న ఆయన్ని కూడా ఇంటికెళ్లి మరీ అడిగారు. నన్ను అడగలేదు. మచిలీపట్నంలో మా ఇల్లు తెలియక కాదు, ఆ ఇంటి ముందు నుంచే వాళ్లు సంఘం ఆఫీసుకి వెళ్తారు. నేను కలం పడితే ఏ సంగతి రాస్తానో తెలుసు కాబట్టి అడగలేదు. సరే, అడక్కుండానే రాస్తున్నాను. పత్రికలో వేస్తారో చెత్తబుట్టలో వేస్తారో వాళ్ల ఇష్టం. ఇన్నేళ్లూ నా మాటలు ఆ బుట్టలోకే వెళ్లాయి.

మా ఆవిడ అంటుంది, "మీరు మందుల పేర్లు మరిచిపోయారు గానీ మిమ్మల్ని ఎవరెప్పుడు ఏమన్నారో మాత్రం తేదీతో సహా గుర్తుంటుంది" అని. నిజమే. మీటింగు గ్రూపు ఫోటోలో నన్ను చివరికంటా జరిపి, అచ్చులో నా భుజం మాత్రం ఉంచిన సంగతి నాకు గుర్తుంది. పామర్రు సెంటర్లో అందరికీ టీ చెప్పి నాకు చెప్పడం మరిచిపోయిన మేనేజరు గుర్తున్నాడు. కానీ అవన్నీ నా సొంత దెబ్బలు. ఇక్కడ రాసేది నాది కాదు, గిలకలదిండిలో ఒక మనిషిది. కొత్తగా బ్యాగు భుజాన వేసుకున్న పిల్లలు చదవాలని రాస్తున్నాను. పెద్దవాళ్లు చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.

నా ఏరియా మచిలీపట్నం, గుడివాడ, అవతల చల్లపల్లి దాటి దివిసీమ. బీపీ మందులు, గుండె మందులు అమ్మాను. డాక్టర్లు నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు. రిటైర్మెంటు దగ్గర పడుతుండగా కంపెనీ కొత్త విభాగం పెట్టింది. మందులు కావు, బలం బిళ్లలు. కొత్త కుర్రాళ్లకి అసలు మందులిచ్చి, నన్ను ఆ విభాగంలోకి తోశారు. "అనుభవజ్ఞులు కావాలండీ దీనికి" అన్నారు. ఆ మర్యాదకి అర్థం నాకు తెలియదా?

అందులో ముఖ్యమైనది ఒక గుండె క్యాప్సూలు. ఉల్లిపొట్టు నుంచి, బత్తాయి తొక్క నుంచి తీసిన ఫ్లేవనాయిడ్ అనే పదార్థం దానిలో ఉంటుంది. మొక్కల్లో రంగుకీ వగరుకీ కారణమయ్యే సరుకులో అదొక రకం. మనం తినే ఉల్లిపాయలోనూ తాగే టీలోనూ కొంత ఉంటుంది. రక్తనాళాలకి మంచిదని, బీపీ కాస్త తగ్గిస్తుందని కంపెనీ చెప్పింది. గుడివాడలో నాకు బాగా తెలిసిన గుండె డాక్టరు గారిని అడిగితే ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశారు. "చెడ్డదేం కాదండీ. కొందరికి బీపీ ఓ పిసరు తగ్గచ్చు, కొందరికి తగ్గకపోవచ్చు. గుండెపోటు ఆపుతుందని మాత్రం రుజువు లేదు. మాత్రలు వేసుకునేవాళ్లు ఇది కూడా వేసుకుంటుంటే నాకు చెప్పమనండి. చెప్పకుండా వేసుకునేదానికంటే ఉల్లిపాయ పులుసు పోసుకోవడం మేలు" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. నేను అంతవరకే చెప్పి అమ్మాలనుకున్నాను.

ఇబ్బంది బిళ్లతో రాలేదు, మాటతో వచ్చింది.

విజయవాడ హోటల్లో ఆ క్యాప్సూలు విడుదల మీటింగు పెట్టారు. ఇంగ్లీషు కరపత్రంలో మొక్కల నుంచి తీసిన ఆహార పదార్థమని ఉంది. డాక్టరిచ్చిన చికిత్సకి ఇది బదులు కాదని అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. తెలుగు కరపత్రంలో ఆ అడుగు వాక్యం లేదు. దాని బదులు పైన ఎర్రటి గుండె బొమ్మ వేసి, దాని పక్కన పచ్చటి ఆకు వేసి, లావుపాటి అక్షరాలతో "గుండెకు ఆకుమందు" అని రాశారు. ఎవరు రాశారో ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.

నేను లేచాను. "సార్, ఆకుమందు అనద్దు."

మా మేనేజరు హైదరాబాదు మనిషి. నవ్వుతూనే అడిగాడు, "ఎందుకండీ? మొక్కే కదా?"

"ఉల్లిపొట్టు సార్. ఆకు కాదు."

హాలంతా నవ్వింది. నేను కూర్చోలేదు. "మా వైపు ఆకుమందు అంటే పత్యం ఉంటుంది సార్" అన్నాను.

"పత్యం ఉంటే ఇంకా మంచిదే కదండీ! శ్రద్ధగా వాడతారు, కోర్సు పూర్తి చేస్తారు" అన్నాడాయన. ముందు వరసలోంచి చప్పట్లు. చప్పట్లు మొదలుపెట్టింది తోట్లవల్లూరు నుంచి కొత్తగా చేరిన కుర్రాడు. చురుకైనవాడు. నన్ను "మావయ్యా" అని పిలిచేవాడు. ఆ రోజు నుంచి "పత్యం మావయ్యా" అన్నాడు. భోజనాల దగ్గర వడ్డించే మనిషిని ఆపి, "ఈయనకి చేప వెయ్యకండి, పత్యం" అని చెప్పాడు. నిజంగానే వెయ్యలేదు. అదీ గుర్తుంది నాకు.

పట్నాల్లో పెరిగిన పిల్లలకి ఆ మాట బరువు తెలియకపోవచ్చు. మా వైపు కామెర్లకి పసరు పోయించుకున్నా, నొప్పులకి ఆకు నూరించుకుని మింగినా, దానితోపాటు కొన్ని కట్టుబాట్లు వస్తాయి. వంకాయ, గోంగూర, చేప మానాలి. మండలం, అంటే నలభై రోజుల పాటు, తప్పకుండా వేసుకోవాలి. వీటన్నిటికంటే ముందు ఇంగ్లీషు మందు మానాలి. ఆకుమందు కడుపులో ఉండగా ఇంగ్లీషు మాత్ర పడితే వికటిస్తుందని నమ్మకం. ఇది ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. గుమ్మం బయట చెప్పులు విడవమని ఎవరైనా బోర్డు పెడతారా? ఇదీ అంతే.

ఆ మాటతోనే సరుకు ఎగిరిపోయింది. ముఖ్యంగా దివిసీమలో. తోట్లవల్లూరు కుర్రాడికి అవతలి గ్రామాలు అప్పజెప్పారు. ఆర్‌ఎంపీల దగ్గరా కిరాణా కొట్లలో కూడా పెట్టించాడు. నాగాయలంక వైపు ఒక ఆర్‌ఎంపీ నాతోనే అన్నాడు, "ఇది మందు కాదంట కదండీ, మాకూ భయం లేదు. ఆకుమందంటే జనం మళ్లీ అడగరు, కళ్లకద్దుకుని తీసుకెళ్తారు." మందు కాదు, కానీ ఆకుమందు. ఒకే నోట రెండు మాటలూ ఎలా వచ్చాయో ఆయనకి తట్టలేదు. కంపెనీకి తట్టినా పట్టలేదు.

గిలకలదిండి హార్బరుకి నేను ప్రతి ఆదివారం చేపలకి వెళ్తాను. అక్కడ మరబోటు నడిపే సరంగు ఒకాయన నాకు చాలాకాలంగా తెలుసు. ఆయన నన్ను బావా అంటాడు, వాళ్లావిడ అన్నయ్యా అంటుంది. వేలంపాట అయ్యాక ఆవిడ గంప పెట్టుకుని కూర్చుంటుంది. ఆయనకి కొన్ని నెలల ముందు గుండెపోటు వస్తే విజయవాడ తీసుకెళ్లి స్టెంటు వేయించారు. రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి గొట్టం అది. అది పెట్టాక రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వేసుకోవాలి, డాక్టరు చెప్పేదాకా ఆపకూడదు.

ఆకుమందు జోరుగా అమ్ముడవుతున్న రోజుల్లో ఒక ఆదివారం నేను వంజరం ముక్కలు కోయించుకుంటూ, "ఏమ్మా, ఇవాళ మీ ఇంట్లోకి ఏం తీసిపెట్టుకున్నావు?" అని అడిగాను.

"మా ఇంట్లో చేప ఉడికి ఎన్నాళ్లయిందనుకున్నావు అన్నయ్యా! మీ బావ పత్యంలో ఉన్నాడు. నేనొక్కదాన్నీ ఏం వండుకోను?"

"సముద్రంలో పుట్టిన మనిషికి చేప పత్యమేంటమ్మా?"

వలల కుప్ప మీద కూర్చున్న సరంగు నవ్వాడు. "అదంతా నీ చలవే బావా. మీ కంపెనీ ఆకుమందు. ఒంట్లో తేలిగ్గా ఉంది."

నేను చేపల సంచి కింద పెట్టాను. "విజయవాడలో ఇచ్చిన మాత్రలో?"

"ఉన్నాయి. పారేస్తానా? డబ్బాలో పెట్టి దేవుడి పటం దగ్గరుంచాను. మండలం అయ్యాక మళ్లీ మొదలుపెడతాను."

"ఎవరాపమన్నారయ్యా నిన్ను?"

"ఎవరూ అనలేదు. ఒకళ్లు చెప్పాలా? ఆకుమందు తింటూ ఇంగ్లీషు మాత్ర మింగుతారా ఎవరైనా? మా అమ్మకి పసరు పోయించినప్పుడు జ్వరం బిళ్ల కూడా ముట్టనివ్వలేదు."

నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆ మాత్రలు ఆపితే గొట్టంలో రక్తం గడ్డ కడుతుందని చెప్పాను. ఇప్పుడే ఆసుపత్రికి పదమన్నాను. చుట్టూ నలుగురు చేరారు. ఆయన వాళ్లవైపు చూసి, "చూశారా, తనమ్మే సరుకుని తనే తిడుతున్నాడు. ఏంటి బావా, కంపెనీవాళ్లు నీకేమైనా తక్కువ చేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"అది ఆకుమందు కాదయ్యా. ఉల్లిపొట్టు!"

ఆయన చొక్కా జేబులోంచి మా కరపత్రం తీశాడు. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. లావు అక్షరాల మీద వేలు పెట్టాడు. "మరి ఇదేంటి? అచ్చులో ఉన్నది నమ్మాలా, నీ నోటిమాట నమ్మాలా?"

నేను గుడివాడలో గుండె డాక్టరు గారికి ఫోను కలిపి సరంగు చెవికి పెట్టాను. "సరేనండీ, అలాగేనండీ, తప్పకుండానండీ" అని ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఫోను నా చేతికిచ్చి, "డాక్టరు గారు మంచోరు. శనివారం వస్తానని చెప్పు. శుక్రవారంతో మండలం పూర్తి. ఇంత చేసి మధ్యలో తప్పిస్తే చేసిందంతా పోతుంది. శనివారం పొద్దున్నే నువ్వే వచ్చి నీ చేత్తో వెయ్యి ఆ మాత్ర" అన్నాడు. వాళ్లావిడ కూడా బతిమాలింది. "నువ్వూరుకోవే" అన్నాడు. ఆయన మొండితనం కాదది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. డాక్టరు చెప్పినన్నాళ్లూ మాత్ర ఒక్క పూట తప్పలేదు. ఆకుమందూ ఒక్క పూట తప్పలేదు. అంత నికరమైన మనిషిని ఆ మాట పట్టుకుంది.

మంగళవారం పొద్దున బోటులోకి ఐసు ఎక్కిస్తుండగా పడిపోయాడు. ఇక్కడి నుంచి విజయవాడ తీసుకెళ్లేసరికి ఆలస్యమైంది. స్టెంటులో రక్తం గడ్డకట్టి మూసుకుపోయిందన్నారు. మళ్లీ తెరిచారు, ప్రాణం నిలిచింది. కానీ గుండె కండరం కొంత చచ్చిపోయింది. ఇంక సముద్రం మీదికి వెళ్లడానికి లేదు. నేను చూడ్డానికి వెళ్తే వాళ్లావిడ నాతో ఒకే మాట అంది. "అన్నయ్యా, ఇది వేసుకుంటూ ఆ మాత్రలు ఆపద్దని ఒక్క ముక్క ఆ కాయితం మీద రాస్తే ఈయన ఆపేవాడా?"

ఆపేవాడు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

తర్వాతి మీటింగులో ఈ సంగతంతా చెప్పాను. మేనేజరు శాంతంగా విన్నాడు. శాంతంగా వినేవాళ్లంటే నాకు అప్పటినుంచి భయం.

"మాత్రలు ఆపమని మనం చెప్పామా?" అన్నాడు.

"లేదు సార్."

"మీరు చెప్పారా? ఆర్‌ఎంపీ చెప్పాడా? కరపత్రంలో ఉందా?"

"లేదు సార్. ఆకుమందు అన్న మాట చెప్పింది."

"మాటకి నోరుంటుందా పత్యం మావయ్యా?" అని వెనక నుంచి తోట్లవల్లూరు కుర్రాడు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వులయ్యాక అతనికి దివిసీమలో అమ్మకాలకు గాను శాలువా కప్పారు. నేను ఒకటే అడిగాను. మాట తీసెయ్యమని కూడా పట్టుబట్టలేదు. దాని కింద ఒక్క వాక్యం తెలుగులో వెయ్యండి అన్నాను: ఇది వేసుకుంటూ డాక్టరిచ్చిన మాత్రలు ఆపవద్దు. "పరిశీలిస్తాం" అన్నారు.

మందుల మీద అజమాయిషీ చేసే ఆఫీసుకి వెళ్తే ఇది మందు కాదు ఆహారం, అటు వెళ్లండన్నారు. ఆహారం చూసే ఆఫీసుకి వెళ్తే మాత్రలాగా ఉందే, అటు వెళ్లండన్నారు. రెండుచోట్లా నాకు కుర్చీ చూపించలేదు.

చివరికి నేనే ఆ వాక్యంతో ఒక రబ్బరు స్టాంపు చేయించాను. మచిలీపట్నంలో మా సరుకు దించే హోల్‌సేల్ వ్యాపారి గోడౌనులో కూర్చుని, ఒక్కో డబ్బా తీసి ఊదారంగు సిరాతో కొట్టడం మొదలుపెట్టాను. వ్యాపారి మొదట కంగారుపడ్డాడు. తర్వాత, "మా అత్తగారు కూడా ఇదే వేసుకుంటోందండోయ్" అని ఇంటికి ఫోను చేసుకుని వచ్చి, నా పక్కన పీట వేసుకుని డబ్బాలు అందించాడు. నా ఉద్యోగంలో నేను ఇష్టంగా చేసిన పని చివరికి అదే మిగిలింది.

స్టాంపు పడిన డబ్బాలు అవనిగడ్డ దాకా వెళ్లాయి. వాటి ఫోటో తీసి మేనేజరుకి పంపింది ఎవరో వేరే చెప్పాలా? కంపెనీ సరుకుని పాడుచేశానని మెమో ఇచ్చారు. డబ్బాలు వెనక్కి తెప్పించి, కొత్తవి పంపారు. అంత ఖర్చుపెట్టి ఆ వాక్యాన్ని చెరిపించారు తప్ప వేయించలేదు. నన్ను దూరంగా మార్చారు. అక్కడి నుంచే రిటైరయ్యాను. వీడ్కోలు సభలో మాట్లాడిన వాళ్లలో ఒకాయన నన్ను "సరదా మనిషి" అన్నాడు.

ఇక్కడితో అయిపోతే ఇది నా ఏడుపు మాత్రమే అవుతుంది. అయిపోలేదు.

రిటైరయ్యాక ఒక రోజు తోట్లవల్లూరు కుర్రాడు ఫోను చేశాడు. అప్పటికి పెద్ద ఉద్యోగంలోకి వెళ్లాడు. "మావయ్యా" అన్నాడు. పత్యం తీసేశాడు.

"మావయ్యా, మా నాన్న మన క్యాప్సూలు వేసుకుంటూ బీపీ మాత్ర ఆపేశాడు. నిన్న కళ్లు తిరిగి పొలం గట్టు మీద కూర్చుండిపోయాడంట. డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను. మండలం అయ్యేదాకా కుదరదంటున్నాడు. మీరొకసారి చెప్పండి."

"నేనేంటి చెప్పేది? నీకు తెలుసుగా ఏం చెప్పాలో."

"మీరు చెబితే వింటాడు మావయ్యా. నేను కొడుకుని."

ఆ తండ్రితో మాట్లాడాను. గిలకలదిండి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. తర్వాత ఆ పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, "నాకు చదువొచ్చండీ. రోజూ పేపరు చదువుతాను. ఆ డబ్బా మీద కూడా ప్రతి అక్షరం చదివాను. ఈ ముక్క అందులో రాయచ్చు కదండీ?"

"మీ అబ్బాయిని అడగండి" అన్నాను. పక్కనే ఉన్నాడు. విన్నాడు. ఆయన ఆ సాయంత్రమే మాత్ర వేసుకున్నాడని నాకు తర్వాత తెలిసింది. సంతోషం.

నాయనా, పేరు రాయడం లేదు. నువ్వే అని నీకు తెలుసు. అప్పుడు మేనేజరు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు నువ్వు కూర్చున్నావు. కరపత్రాలు నువ్వు చూసి సరేనంటేనే అచ్చుకి వెళ్తాయి. మొన్న గూడూరులో ఒక కొట్లో చూశాను. అదే డబ్బా, అదే ఆకు, అదే మాట. నేను ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు. ఆఫీసుకి వస్తే భోజనానికి వెళ్లావంటారు. నువ్వు చేపే తింటున్నావనుకుంటాను.

సరంగు ఇప్పుడు గట్టు మీద కూర్చుని వలలు బాగుచేస్తాడు. నాలుగు కన్నులు అల్లి ఊపిరి తీసుకుంటాడు. తను నడిపిన బోటు వేరేవాళ్లు తీసుకెళ్తుంటే తలెత్తి చూడడు. నేను కనపడితే మాత్రం ప్రతి ఆదివారం ఒకటే అడుగుతాడు. "వేశారా బావా ఆ ముక్క?"

ఇంకా వెయ్యలేదని చెబుతున్నాను. ఎందుకు వెయ్యలేదంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అది నీ దగ్గరుంది. మీ నాన్నకి నా చేత చెప్పించిన వాక్యాన్ని మిగతావాళ్ల నాన్నలకి ఎందుకు చెప్పనివ్వవు? పరిశీలిస్తామనకు. సంఘం వాళ్లతో కబురు పంపకు. వచ్చే ఆదివారం గిలకలదిండికి రా. ఆ వలల కుప్ప పక్కన కూర్చుని, ఆయన మొహం చూసి జవాబు చెప్పు.